మాత్ర పనిచేశాక మిగిలే పని



1961లో మద్రాసు కీల్పాక్ మానసిక వైద్యశాలకు కొత్త సూపరింటెండెంట్ వచ్చారు. ఈస్టిండియా కంపెనీ సర్జన్ వాలెంటైన్ కానొలీ 1794లో పెట్టిన పిచ్చాసుపత్రికి కొనసాగింపు అది. చేతులు మారి, చోట్లు మారి 1871లో కీల్పాక్ చేరింది. అంత పొడవాటి చరిత్రలో ఆ కుర్చీలో ఒక మహిళ కూర్చోవడం అదే మొదలు. ఆమె పేరు డాక్టర్ ఎం. శారదా మీనన్. అప్పటికి ఆమె వయసు 38.

మన దేశపు తొలి మహిళా సైకియాట్రిస్టుగా ఆమెను చెప్పుకుంటారు. 1923లో మంగళూరులో మలయాళీ కుటుంబంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివారు. ఇవాళ నిమ్‌హాన్స్ అని పిలుస్తున్న బెంగళూరు సంస్థలో మానసిక వైద్యం నేర్చుకున్నారు. 1959లో కీల్పాక్‌లో ఉద్యోగానికి చేరి, రెండేళ్లకే దాని పెద్ద అయ్యారు. 1978లో రిటైరయ్యారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2021 డిసెంబరు 5న, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తొలి మహిళ, పద్మభూషణ్, సుదీర్ఘ సేవ అంటూ పత్రికలు రాయవలసినవన్నీ రాశాయి. అయితే స్కిజోఫ్రీనియా ఉన్న మనిషికి నిజంగా ఏం అందడం లేదు అనే ఒక్క ప్రశ్న చుట్టూ ఆవిడ, ఆవిడ వెనక వచ్చిన ఒక తరం సైకియాట్రిస్టులు అరవై ఏళ్ల పాటు ఎలా తిరిగారో మాత్రం పెద్దగా ఎవరూ చెప్పలేదు. ఈ పూట ఆ సంగతి చూద్దాం.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. స్కిజోఫ్రీనియా అనగానే సినిమాల్లో చూపించే రెండు ముఖాల మనిషి గుర్తొస్తే, ఆ బొమ్మను పక్కన పెట్టేయండి. ఎవరూ లేకుండానే చెవిలో మాటలు వినిపిస్తాయి. పక్కింటివాళ్లు తన మీద ఏదో పన్నుతున్నారని గట్టిగా అనిపిస్తుంది. టీవీలో వార్తలు చదివే ఆవిడ తన గురించే చెబుతోందని నమ్మకం కుదురుతుంది. మాట ఒక దారిన మొదలై ఇంకో దారిన పోతుంది. ఇదంతా సాధారణంగా ఇంటర్, డిగ్రీ చదివే వయసులోనో, ఉద్యోగంలో కుదురుకునే వయసులోనో మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ప్రపంచంలో సుమారు 2 కోట్ల 40 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. అంటే దాదాపు 300 మందిలో ఒకరికి.

ఇది జబ్బులో పైకి కనిపించే సగం. రెండో సగం ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. లేపితే లేస్తాడు, పెడితే తింటాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. స్నానానికి పంపడానికి అమ్మ నాలుగుసార్లు చెప్పాలి. కొట్టుకు వెళ్లి మూడు వస్తువులు తెమ్మంటే ఒకటి తెచ్చి, మిగతా రెండూ ఏమిటో గుర్తు లేక గుమ్మంలో నిలబడతాడు. ఒకప్పుడు క్లాసులో ముందుండే పిల్లవాడు, ఇంటికి చుట్టాలొస్తే పెరట్లోకి వెళ్లిపోతాడు. ఇరుగుపొరుగు దాన్ని సోమరితనం అంటారు. తండ్రి పొగరు అనుకుంటాడు. నిజానికి అదీ జబ్బే. చెవిలో మాటలకంటే మొండి జబ్బు.

1952లో పారిస్ డాక్టర్లు డిలే, డెనికర్ క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వాడి ఫలితాలు ప్రకటించారు. మన దగ్గర లార్గాక్టిల్ అనే పేరుతో తెలిసిన మందే అది. మానసిక వైద్యంలో అంతటి మలుపు అంతకుముందు లేదు. అరుపులతో, గొడవతో ఉండే వార్డులు నెమ్మదించాయి. శారదా మీనన్ కీల్పాక్‌లో అడుగుపెట్టే నాటికి ఆ మందు మన దేశానికి వచ్చేసింది. కాబట్టి మందు వచ్చాక కూడా రోగులు ఆసుపత్రి దాటి ఎందుకు పోలేకపోతున్నారో దగ్గరుండి చూసిన తొలి తరం డాక్టర్లలో ఆమె ఒకరు.

చెవిలో మాటలు ఆగిపోయాయి, భయం తగ్గింది, డాక్టర్ ఇంటికి పొమ్మన్నాడు. ఏ ఇంటికి? చేర్పించేటప్పుడు తప్పుడు చిరునామా ఇచ్చి మాయమైన కుటుంబాల సంగతి మన దేశంలోని పాత మానసిక ఆసుపత్రి దేన్నడిగినా చెబుతుంది. చిరునామా నిజమైనదే అయినా, ఇంటికి వెళ్లిన మనిషికి చేసేందుకు పని లేదు. పని లేనివాడికి ఇంట్లో విలువ లేదు. మందు ఎందుకు వాడాలో చెప్పిన నాథుడు లేడు. నాలుగు నెలలకు మందు ఆపేస్తారు, ఆరో నెలకు మనిషి మళ్లీ గేటు దగ్గర ఉంటాడు.

అందుకే ఆమె హయాంలో కీల్పాక్ దృష్టి నాలుగు గోడల నుంచి బయటికి మళ్లింది. అవుట్ పేషెంట్ వైద్యం, వృత్తి శిక్షణ, కుటుంబ సభ్యులతో మాట్లాడటం, జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు, స్వచ్ఛంద సంస్థల్ని లోపలికి రానివ్వడం లాంటివాటి మీద ఆమె పట్టుబట్టారు. అవన్నీ ఆవిడ ఒక్కరికే తట్టిన ఆలోచనలని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ అప్పటికే రోగుల బంధువుల్ని ఆసుపత్రి ఆవరణలో గుడారాల్లో ఉంచి, వాళ్ల చేతే సంరక్షణ చేయించారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా రోగితో పాటు ఇంట్లోవాళ్లు ఉండే పద్ధతి పెట్టింది. పాశ్చాత్య దేశాల్లో నర్సులు చేసే పని మన దగ్గర అమ్మానాన్నలు చేశారు. గత్యంతరం లేక మొదలైన పద్ధతే తర్వాత గొప్ప పద్ధతిగా పేరు తెచ్చుకుంది.

చాలామంది పెద్ద డాక్టర్లు రిటైరయ్యాక సన్మానాలకు వెళతారు. శారదా మీనన్ మాత్రం 1984లో, అరవై దాటాక, మద్రాసులో కొత్త సంస్థ పెట్టారు. దాని పేరు స్కిజోఫ్రీనియా రీసెర్చ్ ఫౌండేషన్. అందరూ స్కార్ఫ్ అంటారు. జబ్బు పేరునే బోర్డు మీద రాసుకోవడం ఆ రోజుల్లో సాహసమే. ‘మానసిక వికాస కేంద్రం’ లాంటి మెత్తని పేరు పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. ప్రభుత్వ ఆసుపత్రి మందు ఇస్తుంది, ఆ తర్వాతి పని ఎవరూ చేయరు, అదే ఈ సంస్థ చేయాలి అనేది ఆలోచన. పగటిపూట వచ్చి పని నేర్చుకునే కేంద్రం, ఉండటానికి వసతి, కుటుంబాలకు సలహా, వీటితో పాటే పరిశోధన. డాక్టర్ ఆర్. తార లాంటి యువ సైకియాట్రిస్టులు చేరి, తర్వాత దశాబ్దాల పాటు దాన్ని నడిపించారు. తర్వాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్కార్ఫ్‌ను తన సహకార కేంద్రంగా గుర్తించింది.

పరిశోధన అనగానే ప్రయోగశాల, సూక్ష్మదర్శిని గుర్తొస్తాయి. వీళ్ల పరిశోధన చాలావరకు ఇళ్ల గుమ్మాల్లో జరిగింది. సంస్థ పుట్టకముందే, 1980ల మొదట్లో, మద్రాసులో తొలిసారి జబ్బు పడిన 90 మందిని ఎంచుకుని, వాళ్లను ఏళ్ల తరబడి వెంబడించారు. మద్రాసు లాంగిట్యూడినల్ స్టడీ అని ప్రపంచమంతా ఉదహరించే అధ్యయనం ఇదే. ఫోన్లు అందరికీ లేని రోజులవి. ఇల్లు మారినవాడిని పాత వీధిలో అడిగి, కొత్త వీధికి వెళ్లి పట్టుకోవాలి. పదేళ్ల తర్వాత 76 మంది సమాచారం సేకరించగలిగారు. అలాంటి అధ్యయనాల్లో అది మంచి అంకె.

వాళ్లకు కనిపించింది ఊరటనిచ్చేదే. పదేళ్ల తర్వాత వాళ్లలో ఎక్కువమందికి జబ్బు లక్షణాలు అణిగి ఉన్నాయి. మగవాళ్లలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటున్నారు. పెళ్లిళ్లు జరిగాయి. ఒకసారి ఈ జబ్బు వచ్చిందంటే జీవితం అయిపోయినట్టే అని డాక్టర్లే నమ్మిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. అయితే అధ్యయనం అక్కడ ఆగలేదు. ఇరవై ఏళ్లు, పాతికేళ్లు దాటేసరికి జాబితాలోని పేర్లు తగ్గుతూ వచ్చాయి. చనిపోయినవాళ్లలో ఆత్మహత్యలు చేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ ఒక పెద్ద వాదన గురించి చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రీనియా మీద అధ్యయనం మొదలుపెట్టింది. మన దేశం నుంచి ఆగ్రా అందులో ఉంది. ధనిక దేశాలకన్నా ఇండియా, నైజీరియా లాంటి చోట్ల రోగులు మెరుగ్గా కోలుకుంటున్నారని ఫలితం తేలింది. మనకు అది భలే నచ్చింది. మన ఉమ్మడి కుటుంబం, మన సహనం, మన సంస్కృతి అంటూ సదస్సుల్లో చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి! వేరే దేశాల డాక్టర్లు కూడా దాన్ని సిద్ధాంతంలా పాడటం మొదలుపెట్టారు. 2008లో నలుగురు పరిశోధకులు ఈ సిద్ధాంతాన్ని నిలదీస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. పేద దేశాల నుంచి వచ్చిన అధ్యయనాలన్నీ వరుసగా పెట్టి చూస్తే, చిత్రం అంత అందంగా లేదని చూపించారు. ఆ నలుగురిలో స్కార్ఫ్ తార గారు ఒకరు. మన దేశానికి మంచి పేరు తెచ్చిన మాటను మన దేశపు డాక్టరే ప్రశ్నించడం నిజాయితీ ఉన్న పని.

కుటుంబం మెచ్చుకోదగినదే. అందులో అనుమానం లేదు. కానీ ఆ మెచ్చుకోలు ఎక్కువైనకొద్దీ ప్రభుత్వం బాధ్యత తగ్గిపోయింది. ఇది నా అభిప్రాయం.

ఇంకో అధ్యయనం చూడండి. 1998లో స్కార్ఫ్ పరిశోధకులు పద్మావతి, రాజ్‌కుమార్, శ్రీనివాసన్ మద్రాసు నగరంలోనే ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే ఫలితాలు ప్రచురించారు. స్కిజోఫ్రీనియా ఉన్నట్టు తేలినవాళ్లలో నాలుగో వంతుకు పైగా మనుషులు అప్పటిదాకా ఒక్కసారి కూడా వైద్యం చేయించుకోలేదు. మారుమూల గూడెం సంగతి కాదిది. 1794 నుంచి మానసిక ఆసుపత్రి ఉన్న ఊళ్లో, సిటీ బస్సు ఎక్కితే డాక్టర్ దొరికే చోట. ఇలా మందు ముట్టనివాళ్లలో చాలామంది పెద్ద కుటుంబాల్లో ఉన్నారు. ఇంట్లో పదిమంది ఉంటే ఒకడి మౌనం పెద్దగా కనిపించదు. వాడికి ముద్ద పెట్టడానికి ఎవరో ఒకరు ఉంటారు, వాడు సంపాదించకపోయినా ఇల్లు నడుస్తుంది. అదే సహనం, అదే ఆలస్యం.

ఇలా వైద్యం లేకుండా ఉండిపోవడానికి మన చదువుకున్నవాళ్లు చెప్పే కారణం ఒకటే. మూఢనమ్మకం. దయ్యం పట్టిందనో, గాలి సోకిందనో, చేతబడి చేశారనో అనుకుంటారు, అందుకే రారు అంటారు. స్కార్ఫ్‌వాళ్లు ఈ మాట నిజమో కాదో అడిగి చూశారు. 254 కుటుంబాలను, మీవాళ్లకు ఈ జబ్బు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు అని అడిగారు. 2001లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం దయ్యాలు, చేతబడి లాంటి కారణం చెప్పినవి 12 శాతం కుటుంబాలే. ఎక్కువమంది చెప్పింది మనసుకు తగిలిన దెబ్బలు, ఒత్తిళ్ల గురించి. వాళ్లు వైద్యానికి వచ్చిన కుటుంబాలే కదా, రానివాళ్ల సంగతేమిటి అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. అయినా, జనానికి అజ్ఞానం అని ఒక్క ముక్కలో తేల్చేయడం ఎంత సులువో, ఎంత తప్పో ఆ అంకె చెబుతుంది. గుడికో, దర్గాకో తీసుకెళ్లే తల్లి డాక్టర్ దగ్గరికీ తీసుకెళుతుంది. దారి ఖర్చు, పోయిన కూలి, గంటల తరబడి క్యూ, మందు వేసుకుంటే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం, రోజంతా మత్తు, ఇవి ఆమెను ఆపేస్తాయి. ఈ మందులను చాలా ఇళ్లలో నిద్ర మాత్రలు అంటారు. నిద్రపోవడానికి ఇన్నేళ్లు మాత్రలెందుకు అని ఒకరోజు ఆపేస్తారు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. పెళ్లి చేస్తే కుదురుకుంటుందని జబ్బు దాచి పెళ్లి చేయడం మనకు తెలియనిది కాదు. తార, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో స్కిజోఫ్రీనియా ఉండి, కాపురం చెదిరిపోయి, పుట్టింట్లో ఉంటున్న స్త్రీలతో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడారు. జబ్బు మచ్చ కన్నా భర్త వదిలేశాడన్న మచ్చే వాళ్లను, తల్లిదండ్రులను ఎక్కువ కుంగదీస్తోందని తేలింది. చాలామందికి కోర్టు విడాకులు లేవు, భరణం లేదు. భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈమె మెడలో తాళి అలాగే ఉంది. ఎప్పటికైనా తీసుకెళతాడన్న ఆశ. మందులో ఏ లోపమూ లేదు, లక్షణాలూ అదుపులో ఉన్నాయి. అయినా ఆ మనిషికి జీవితం లేదు. తీరని అవసరం అని మానసిక వైద్యులు చెప్పే మాటకు ఇంతకన్నా తేటగా ఉదాహరణ దొరకదు.

ఆ తల్లిదండ్రులు డాక్టర్లను అడిగే ప్రశ్న ఒకటుంది. తెలుగు, తమిళం అని తేడా లేదు, ఏ భాషలోనైనా అదే ప్రశ్న. ‘మేం పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు?’

ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న దేశమంతా చూసింది. తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో దర్గా దగ్గర నడిచే ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు రేగాయి. లోపలున్నవాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ వదిలి వెళ్లిన కుటుంబాలను తిట్టిపోయడం తేలిక. వాళ్ల జిల్లాలో సైకియాట్రిస్టు ఎంతమంది ఉన్నారు, ఉండటానికి చోటు ఎక్కడుంది అని అడిగినవాళ్లు తక్కువ. ఆ తర్వాత సుప్రీంకోర్టు కదిలింది, ఎర్వాడిలోని ఇలాంటి ఆశ్రమాలు మూతపడ్డాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆసుపత్రిలోనే పడి ఉండకుండా సమాజంలో బతికే హక్కు ఉందని రాసింది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మజిలీ లాంటి హాఫ్‌వే హోమ్‌లు, ఇంటి దగ్గరికి వచ్చే వైద్యం ప్రభుత్వ బాధ్యత అంది. చట్టం బాగుంది. హోమ్‌లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

స్కార్ఫ్ పుదుక్కోట్టై జిల్లాలో 2010 నుంచి ఒక బస్సు నడిపింది. మామూలు బస్సు సైజే. లోపల ఒక చిన్న గది, అందులో తెర, కెమెరా. పక్కన మందుల అర. ఊళ్లోకి వచ్చి ఆగుతుంది. ఇంతకుముందే ఇంటింటికీ తిరిగి పలకరించిన ఆరోగ్య కార్యకర్త రోగిని, తోడుగా వాళ్ల అమ్మనో అన్ననో తీసుకొస్తుంది. వాళ్లు తెర ముందు కూర్చుంటారు. అటువైపు చెన్నైలో సైకియాట్రిస్టు. ‘నిద్ర పడుతోందా, మాటలు ఇంకా వినిపిస్తున్నాయా, పనికి వెళ్తున్నావా’ అని అడుగుతారు. రాసిన మందు ఆ బస్సులోనే, ఉచితంగా ఇస్తారు. కరోనా తర్వాత వీడియో వైద్యం అందరికీ అలవాటైంది గానీ, అంతకు పదేళ్ల ముందు పల్లెటూరి మట్టిరోడ్డు మీద ఆ పని జరిగింది. ఇందులో గొప్పంతా సాంకేతికతదే అనుకుంటే పొరపాటు. మందు మానేసినవాడి ఇంటికి మర్నాడు నడిచి వెళ్లే ఆ కార్యకర్త లేకపోతే బస్సు వట్టి బస్సే.

ఆ కార్యకర్త వల్ల నిజంగా తేడా వస్తుందా? 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరీక్ష ఇదే తేల్చడానికి చేశారు. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారా, ఈ మూడు చోట్ల 282 మంది రోగుల్ని తీసుకున్నారు. కొందరికి మామూలుగా డాక్టర్ వైద్యం మాత్రమే. మిగతావాళ్లకు దాంతో పాటు, డాక్టరీ చదవని, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటికి వెళ్లి సాయం చేశారు. ఏడాది తర్వాత చూస్తే, ఇంటి సాయం అందినవాళ్లు కొంత మెరుగ్గా ఉన్నారు, రోజువారీ పనులు చేసుకోవడంలో కూడా. తేడా బ్రహ్మాండమేమీ కాదు, పైగా మూడు చోట్లా ఒకేలా లేదు. స్పష్టంగా కనిపించింది స్కార్ఫ్ నడిపిన తమిళనాడు పల్లెల్లో.

మందుల వైపు కూడా ఒక లోటు ఉంది. మామూలు మందులు సుమారు మూడో వంతు మందికి సరిగా పనిచేయవు. అలాంటివాళ్లకు క్లోజపిన్ అనే మందు ఉంది. 1988లో అమెరికాలో జాన్ కేన్ బృందం చేసిన పరీక్షలో ఏ మందుకూ లొంగని రోగుల్లో క్లోజపిన్‌తో 30 శాతం మంది మెరుగయ్యారు, క్లోర్‌ప్రోమజిన్‌తో 4 శాతమే. అయితే కొద్దిమందిలో అది తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. 1975లో ఫిన్లండ్‌లో మరణాలు జరిగాయి కూడా. కాబట్టి మొదటి కొన్ని నెలలు వారం వారం రక్తపరీక్ష చేయించాలి. మండల కేంద్రంలో ల్యాబ్ ఆదివారం మూసి ఉండి, మిగతా రోజుల్లో టెక్నీషియన్ లేకపోతే, ఆ మందు ఉన్నా లేనట్టే.

ఇక తెలుగు నేల సంగతి. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు దేశంలో ఎంచుకున్న తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. మిగతావి అస్సాంలో నగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచ్చి. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రుల పేర్లు మనవాళ్ల తిట్లలోకి ఎక్కినంతగా అక్కడి వైద్యం సంగతి జనంలోకి ఎక్కలేదు. 2015-16లో నిమ్‌హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. తీవ్రమైన మానసిక జబ్బులున్న నూరుమందిలో 73 మందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన రెండు రాష్ట్రాల గురించి ఆ సర్వే నుంచి ఏ అంకె చెప్పినా అది పొరుగు రాష్ట్రాల నుంచి అరువు తెచ్చుకున్నదే.

మనకు నేరుగా ఉపయోగపడే విషయం ఒకటుంది. కాలు విరిగినవాడి వైకల్యం కంటికి కనిపిస్తుంది. ఒళ్లంతా బాగున్నవాడి మానసిక వైకల్యాన్ని కొలిచేదెలా? స్కార్ఫ్ 1980ల్లోనే దీనికి ప్రశ్నావళి తయారుచేసింది. 1995 వికలాంగుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. 2002లో ఐడియాస్ అనే కొలబద్దను ప్రభుత్వం ఆమోదించింది. అందులో నాలుగు అంశాలు చూస్తారు. తన శుభ్రత తాను చూసుకోగలడా, మనుషులతో మెలగగలడా, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడగలడా, పని చేయగలడా. వీటికి తోడు జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కూడా లెక్కలోకి వస్తుంది. 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్ వస్తుంది. మన ఊళ్లలో సదరం క్యాంపు అనేది ఇందుకే. సదరం అంటే కళ్లు, కాళ్లు, చెవులకే అనుకుంటారు చాలామంది. మానసిక అనారోగ్యానికీ సర్టిఫికెట్ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. ఈ జబ్బున్న మనిషి చేతికి నెల నెలా సొంత డబ్బు రావడమంటే, ఇంట్లో ఆ మనిషి స్థానమే మారుతుంది.

శారదా మీనన్ వారసత్వాన్ని కొలవాలంటే అలాంటి చోట కొలవాలి. ఆవిడ కొత్త మందు కనిపెట్టలేదు. మెదడులో ఏ రసాయనం ఎక్కువైందో చెప్పలేదు. మందు పనిచేశాక మిగిలిపోయే అవసరాలు కూడా వైద్యం కిందికే వస్తాయని పట్టుబట్టి, వాటిని లెక్కపెట్టే సంస్థ కట్టి, లెక్కపెట్టేవాళ్లను తయారుచేశారు. ఉద్యోగం, పెళ్లి, పింఛను, బస్సు దారి, అమ్మకు పట్టే అలసట ఇప్పుడు ప్రపంచ వైద్య పత్రికల్లో పరిశోధన అంశాలయ్యాయంటే, అందులో మద్రాసు పాత్ర పెద్దది. ఇంకా చేయని పనులూ ఉన్నాయి. ఈ జబ్బున్నవాళ్లు మిగతావాళ్లకన్నా పదేళ్లకు పైగా ముందే చనిపోతున్నారు, ఎక్కువగా గుండెజబ్బు, షుగర్‌తోనే. మానసిక డాక్టర్ బీపీ చూడడు, బీపీ డాక్టర్ ఈ మనిషి మాట పూర్తిగా వినడు.

శ్రోతల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే రెండు మాటలు. డాక్టర్‌తో మాట్లాడకుండా మందు ఆపకండి. మందుతో ఇబ్బందిగా ఉంటే ఆ ఇబ్బందే డాక్టర్‌కు చెప్పండి, మందు మార్చే వీలుంటుంది. దగ్గర్లో డాక్టర్ ఎవరో తెలియకపోతే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్రం ప్రారంభించిన సేవ ఇది. డబ్బు అక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు.